టీకాల సమావేశంలో ఫార్మసిస్టులకూ చోటివ్వండి

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను తిరుపతిలో మెడికల్ షాపు నడిపే రిజిస్టర్డ్ ఫార్మసిస్టును. టీకాల కార్యక్రమంపై మీ అధ్యక్షతన జరిగే జిల్లా టాస్క్‌ఫోర్స్ సమావేశాల్లో మా వృత్తివాళ్లకు కూడా చోటివ్వమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. అక్కడ వైద్యారోగ్యశాఖ, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్, విద్యాశాఖ అధికారులు కూర్చుంటారు. ఎంతమందికి టీకా వేశారు, ఎంతమంది మిగిలారు అన్న లెక్కలు తేలుస్తారు. ఎందుకు మిగిలారో చాలాసార్లు మా కౌంటర్ దగ్గర తెలుస్తుంది.

నెలన్నర బిడ్డకు ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా వేయించిన మర్నాడు జ్వరం చుక్కల మందు కోసం తల్లి వస్తుంది. “తొడంతా గట్టిపడిందన్నా, రాత్రంతా ఏడుస్తానే ఉన్నాడు. ఇంగ సూదులొద్దంటోంది మా అత్త” అంటుంది. ఆ జ్వరం, వాపు మామూలేనని, 10వ వారం, 14వ వారం డోసులు మానకూడదని చెబుతాం. ఫిట్స్ వచ్చినా, ఊపిరాడకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమంటాం. చాలామంది వింటారు. విననివాళ్ల బిడ్డ టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) రిజిస్టరులో ‘రాలేదు’గా మిగిలిపోతాడు. అత్తగారి భయం ఏ ఫారంలోనూ ఎక్కదు.

కుక్కకాటు టీకా సంగతి ఇంకా చిక్కు. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేస్తారు కాబట్టి, మొదటి సూది రోజును 0గా లెక్కేసి, 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు వెళ్తే చాలు. కండకు వేస్తే 14వ రోజున ఇంకొకటి ఉంటుంది. రెండు డోసులు ఇక్కడ వేయించుకుని, ఊరికెళ్లి మిగతావి ప్రైవేటులో వేయించుకుందామనుకునేవాళ్లు మమ్మల్నే అడుగుతారు, 14వ రోజుది కావాలా వద్దా అని. ఒక్కో చోట ఒక్కో మాట వింటే వాళ్లు ఏం చేస్తారు? జిల్లా అంతటికీ ఒకే సమాధానం రాసి మా షాపుల్లో అంటిస్తే సగం టెన్షన్ తీరుతుంది.

కోల్డ్ చైన్ గురించి, అంటే టీకాను చివరిదాకా చల్లగా ఉంచే ఏర్పాటు గురించి కూడా చెప్పాలి. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పీహెచ్‌సీలో దానికోసం ప్రత్యేకమైన ఫ్రిజ్ ఉంటుంది, రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాస్తారు. మా దగ్గర కొన్న వయల్ మాత్రం 40 దాటిన మే నెల ఎండలో, ప్లాస్టిక్ కవర్లో, బండి హ్యాండిల్‌కు వేలాడుతూ డాక్టరు దగ్గరికి వెళ్తుంది. చల్లగా ఉండాలని కొందరు ఐసుగడ్డకు ఆనించి కట్టిస్తారు. హెపటైటిస్ బి లాంటివి గడ్డకడితే పనికిరావు. ప్రభుత్వ టీకాలకు ఉన్నంత పర్యవేక్షణ ప్రైవేటుగా అమ్మే టీకాలకూ ఉండాలని ఆ వ్యాపారంలో ఉన్న నేనే అడుగుతున్నాను.

ఇంజెక్షన్ వేసే అధికారం ఇవ్వమని మాత్రం అడగడం లేదు. ఇంగ్లండులో 2015 నుంచి మందుల షాపుల్లోనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) తరఫున ఫ్లూ టీకాలు వేస్తున్నారు. మన దగ్గర దానికి చట్టం, శిక్షణ, అలర్జీ వస్తే ఆదుకునే ఏర్పాటు అన్నీ కావాలి. ఆ చర్చ వేరు.

మీ సమావేశానికి షాపు నడిపే ఫార్మసిస్టు ఒకరిని, ఆసుపత్రిలోనో ఫార్మసీ కాలేజీలోనో పనిచేసే వారిని ఇంకొకరిని పిలవండి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనే ఫార్మసీ విభాగం ఉంది, మనుషులకు కొదవ లేదు. జనం ఏ టీకా గురించి ఏం అడుగుతున్నారు, ఏది దొరకడం లేదు, వేయించుకున్నాక ఏ ఇబ్బందులు చెబుతున్నారు అన్నది పేర్లు లేకుండా నెలకో పేజీ రాసి తెస్తాం. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనికొచ్చిన వేరే రాష్ట్రాల కుటుంబాలు పిల్లల టీకా కార్డులు పట్టుకుని ఎక్కడికెళ్లాలో తెలియక తడ, సత్యవేడు షాపుల్లో ఆగినా ఆ పేజీలోకి వస్తుంది. టీకాలు అమ్మి లాభం తీసుకునేవాళ్లం కాబట్టి ఆ సంగతి ముందే రాసిస్తాం. కొనుగోళ్లు, ధరల మాట వచ్చినప్పుడు బయటికి వెళ్లిపోతాం.

శాశ్వత సభ్యత్వం ఇవ్వడానికి ఆలోచించాలంటే, ముందు మూడు సమావేశాలకు ఆహ్వానితులుగా పిలిచి చూడండి. మేం తెచ్చిన పేజీ మీకు పనికొచ్చిందో లేదో చూసి ఆ తర్వాతే నిర్ణయించండి.

ఇట్లు,
ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు,
తిరుపతి