బేస్ గిటార్‌కు పిక్ వాడటం తప్పు కాదు

సంపాదకులకు నమస్కారం.

గిటార్ నేర్చుకునే పిల్లల కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. కొనేటప్పుడు ఏం చూడాలో, తీగలు ఎప్పుడు మార్చాలో బాగా చెప్పారు. పాటకు కింది స్వరాలు పలికే బేస్ గిటార్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక మాట గట్టిగా పడింది. బేస్‌ను వేళ్లతోనే మీటాలనీ, పిక్ (తీగను మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్ల) పట్టేవాళ్లు లీడ్ గిటార్ (పాటలో రాగం వాయించే గిటార్) నుంచి వచ్చి ఎలాగోలా నెట్టుకొచ్చేవాళ్లనీ రాశారు. నేర్పే మాస్టార్ల నోట కూడా ఈ మాట తరచూ వినిపిస్తుంది. నియమంలా ఉంటుంది కాబట్టి పిల్లలు నమ్మేస్తారు. నేను ఒప్పుకోలేను. ఎందుకో వివరంగా రాస్తున్నాను, దయచేసి చోటివ్వండి.

లియో ఫెండర్ గిటార్ల కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ అనే ఎలక్ట్రిక్ బేస్ గిటార్‌ను తెచ్చినప్పుడు సన్న తీగ పక్కన ఒక చిన్న పట్టు బిగించింది. నాలుగు వేళ్లూ దానికి తగిలించి బొటనవేలితో కిందికి మీటాలని ఆ ఏర్పాటు. వాయించేవాళ్లు క్రమంగా బొటనవేలిని లావు తీగ వైపు ఆనించి మిగతా వేళ్లతో మీటడం మొదలుపెట్టాక, 1970ల మధ్యలో ఆ పట్టు కూడా లావు తీగ వైపుకు మారింది. రెండు వేళ్లతో మీటడమే అసలు పద్ధతి అనడానికి వాద్యం పుట్టుకలో ఆధారమేమీ లేదు.

1960ల్లో డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవారు. అదే కాలంలో లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో ఎన్నో రికార్డింగులకు వాయించిన కేరల్ కే గట్టి పిక్ పట్టేవారు. ఆవిడ నిజంగానే గిటార్ నుంచి వచ్చినావిడే, 1963లో బేస్ పట్టుకున్నారు. అంతమాత్రాన ఆవిడ వాయించింది నెట్టుకురావడం అని ఎవరనగలరు? ఈ ఇద్దరికీ కలిసే విషయం ఒకటుంది. జేమర్సన్ గిటార్‌లో, తీగలు చివర ఆనే బ్రిడ్జి మీది మూత కింద తీగలకు ఆనేలా స్పాంజి ముక్క ఉండేది. కేరల్ కే బ్రిడ్జి దగ్గర తీగల మీద ఫెల్ట్ (మందపాటి మెత్తటి గుడ్డ) ముక్క పెట్టేవారు. ఒకరిది వేలు, ఒకరిది పిక్. స్వరం ఎంతసేపు మోగాలి, ఎక్కడ ఆగాలి అన్నది మాత్రం ఇద్దరూ ముందే కట్టడి చేసుకున్నారు. మన దగ్గర పిక్కా వేళ్లా అని వాదించుకుంటూ వదిలేస్తున్న పాఠం ఇదే.

మన సంగీతంలోనూ మీటే సాధనాన్ని బట్టి ఎవరూ ఎక్కువ తక్కువలు కట్టలేదు. వీణను గోటితో మీటేవాళ్లున్నారు, వేళ్లకు తీగ తొడుక్కుని మీటేవాళ్లున్నారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ప్లెక్ట్రమ్‌తోనే, అంటే పిక్‌తోనే, కర్ణాటక సంగీతాన్ని దేశదేశాల్లో వినిపించారు.

ఇక ధ్వని తేడా. వేలి కొస మెత్తన, వెడల్పు. తీగ దాని మీంచి దొర్లుకుంటూ జారుతుంది. పిక్ కొస గట్టి, సన్నం. తీగను ఒక్క చోట లాగి ఠక్కున వదిలేస్తుంది. లాగినచోట తీగ వంపు ఎంత పదునుగా ఉంటే పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాలు) అంత బలంగా లేస్తాయి. నాలుగు తీగల బేస్‌లో (లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి) లావుపాటి ఇ తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఫోన్ స్పీకర్ అంత కింది స్వరాన్ని పలికించలేదు. పై హార్మోనిక్స్ విని కింది స్వరాన్ని చెవి తనే పూరించుకుంటుంది. పిక్‌తో వాయించిన బేస్ ఫోన్‌లో కూడా తేటగా తెలియడానికి కారణం అదే. వేళ్లతో, పాత తీగల మీద, మెడ దగ్గర మీటిన బేస్ పెద్ద స్పీకర్లలో నిండుగా ఉండి ఫోన్‌లో మాయమవుతుంది.

పిక్ గీరినట్టుంది, కర్కశంగా ఉంది అని పక్కన పెట్టేసేవాళ్లు ముందు మీటే చోటు మార్చి చూడాలి. సాధారణ బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. ఓపెన్ తీగను, అంటే ఎడమచేత్తో నొక్కని తీగను, బ్రిడ్జి నుంచి ఎనిమిదిన్నర అంగుళాల దగ్గర, అంటే సరిగ్గా నాలుగో వంతులో మీటితే నాలుగో హార్మోనిక్ దాదాపు లేవదు. ధ్వని గుండ్రంగా వస్తుంది. బ్రిడ్జికి రెండు మూడంగుళాల్లో మీటితే పై హార్మోనిక్స్ అన్నీ ముందుకొచ్చి కింది స్వరం పలచబడుతుంది. లీడ్ గిటార్ అలవాటున్న చెయ్యి తెలియకుండానే బ్రిడ్జి వైపు వెళ్తుంది. అక్కడ వాయిస్తూ తప్పంతా పిక్ మీద వేస్తారు.

రెండో కారణం పిక్ మందం. ఇ తీగ మందం 0.105 అంగుళం, అంటే దాదాపు 2.7 మి.మీ. అకౌస్టిక్ గిటార్‌లో తీగలన్నీ ఒక్కసారి మీటే స్ట్రమ్మింగ్‌కు వాడే అర మిల్లీమీటరు పిక్ ఆ తీగ ముందు వంగిపోతుంది. టక్‌మనే చప్పుడు ముందొచ్చి, స్వరం నీరసంగా వెనక వస్తుంది. మొదలుపెట్టేవాళ్లకు 1 మి.మీ. పిక్ సరిపోతుంది. తర్వాత 0.88 నుంచి 1.14 మి.మీ. మధ్య చేతికి నచ్చింది చూసుకోవచ్చు. పెద్ద త్రికోణం ఆకారంలో ఉన్నదైతే ఒక కొస అరిగాక తిప్పి మరో కొస వాడుకోవచ్చు. గరుకు చుట్టు ఉండే రౌండ్‌వౌండ్ తీగల మీద కొస తొందరగానే ఏటవాలుగా అరిగిపోతుంది. అరిగిన కొసతో పైకి మీటినప్పుడు ఒక ధ్వని, కిందికి మీటినప్పుడు ఒక ధ్వని వస్తాయి. పిల్లలు అది తమ చేతి లోపమనుకుంటారు.

పట్టు విషయం జాగ్రత్తగా నేర్పాలి. చూపుడువేలు వంచి, కొసకు దగ్గరి కణుపు పక్కన పిక్ పెట్టి, బొటనవేలి మెత్తటి భాగంతో మూయాలి. కొస 4, 5 మి.మీ. కంటే బయటికి కనబడకూడదు. తీగ మట్టం కంటే 2 మి.మీ. దిగితే చాలు. ఎక్కువ దిగిందంటే తీగ దాన్ని పట్టి లాగుతుంది, పిక్ చేతిలో తిరుగుతుంది. తిరగకుండా పిల్లాడు మరింత గట్టిగా నొక్కుతాడు. పది నిమిషాల్లో ముంజేయి రాయిలా బిగుసుకుంటుంది. కదలిక మణికట్టు నుంచి రావాలి. మోచేయి ఊగుతుంటే ఆపి టెంపో తగ్గించాలి. పిక్‌ను తీగకు మరీ వాలుగా పెడితే తీగ చుట్లను గీరుకుంటూ పోయి బర్రుమంటుంది, పూర్తిగా బల్లపరుపుగా పెడితే క్లిక్ ఎక్కువవుతుంది. రెంటికీ మధ్య కొద్దిపాటి వాలు ఉండాలి.

ఒక తాళం దెబ్బకు రెండు స్వరాల చొప్పున సాగే రాక్ పాటలో అన్నీ కిందికే మీటితే ప్రతి స్వరం ఒకే బలంతో పడుతుంది. 160 టెంపోలో, అంటే నిమిషానికి 160 తాళం దెబ్బల వేగంలో, అది సెకనుకు ఐదుకు పైగా మీటడం. చెయ్యి వదులుగా ఉన్నంతవరకే సాధ్యం. అది దాటితే కిందికీ పైకీ మార్చి మీటాలి, పైకి మీటినది బలహీనపడకుండా చూసుకోవాలి.

వేళ్ల పద్ధతికి ఉన్న గౌరవం నిజమైనదే. మీటే బలాన్ని పాట మధ్యలో వెంట్రుకవాసి తేడాతో పెంచడం, తగ్గించడం వేళ్లకు తేలిక. చూపుడువేలు, నడిమి వేలు వంతులవారీగా మీటాలి. మీటిన వేలు గాల్లో ఆగకుండా పక్కనున్న లావు తీగ మీద వచ్చి ఆగాలి. నడిమి వేలు పొడుగు కాబట్టి కాస్త ఎక్కువ వంచి రెండు కొసలూ ఒకే వరుసలోకి తేవాలి, లేకపోతే ప్రతి రెండో స్వరం మందంగా పడుతుంది. సన్న తీగ నుంచి లావు తీగకు దిగేటప్పుడు మీటిన వేలినే లావు తీగ వైపు జార్చి పక్క తీగనూ మీటొచ్చు, వంతు కోసం పట్టుబట్టక్కర్లేదు. లయ కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, దెబ్బకు నాలుగు స్వరాలు, రెండు వేళ్ల ధ్వనీ ఒకేలా వినబడేదాకా వాయించి, నాలుగేసి చొప్పున పెంచుకుంటూ పోవాలి. గోళ్లు పొట్టిగా ఉండాలి. బెల్టు మరీ కిందికి వదిలితే మణికట్టు తొంభై డిగ్రీలు మడుచుకుంటుంది, అలా గంటలకొద్దీ వాయిస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. కూర్చున్నప్పుడు బేస్ ఏ ఎత్తులో ఉందో నిలబడ్డప్పుడూ ఆ ఎత్తులోనే ఉండేట్టు బెల్టు బిగించుకోవాలి.

ఎక్కువమంది చేసే తప్పు బలం పెట్టి లాగడం. వినబడట్లేదని వేలితో ఈడుస్తారు, తీగ మెడ మీది లోహపు కడ్డీలకు, అంటే ఫ్రెట్లకు, కొట్టుకుని గలగలమంటుంది, వేలికి బొబ్బ లేస్తుంది. ధ్వనిని పెంచే ఆంప్ వాల్యూమ్ పెంచి చెయ్యి తేలిక చేస్తే స్వరం ఇంకా లావుగా వస్తుంది. తీగల ఎత్తు కూడా కొలిచి చూడాలి. 17వ ఫ్రెట్ దగ్గర ఇ తీగకు 2.4 మి.మీ., జి తీగకు 2 మి.మీ. ఉంటే రెండు పద్ధతులకూ సరిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి, స్వరాన్ని ఆపడం. మన శ్రోతలకు బేస్ గిటార్ కొత్తేం కాదు. ఇళయరాజా సంగీతంలో శశిధరన్ వాయించిన బేస్‌ను 1980ల నుంచీ పాటతో పాటే కూనిరాగం తీస్తున్నాం. ఆ లైన్లు దించుకునే కుర్రాళ్లు స్వరాలన్నీ సరిగ్గానే పట్టుకుంటారు, ఒక్కో స్వరం ఎక్కడ ఆగిందో పట్టించుకోరు. దాంతో పాట నడక పోతుంది. ఆపడానికి చేతులు పని చేసే తీరు రెండు పద్ధతుల్లో వేరు. వేళ్లతో వాయించేటప్పుడు బొటనవేలు మీటని లావు తీగల మీద వాలి ఉంటుంది. ఎ తీగ మీటేటప్పుడు ఇ తీగ మీదికి, డి తీగకు వెళ్లినప్పుడు ఇ, ఎ రెండింటి మీదికి జరుగుతుంది. తీగల కింద కంపనాన్ని పట్టే పికప్ మీదే బొటనవేలు పాతేసుకుని కూర్చుంటే మీటని లావు తీగ వెనక మూలుగుతూనే ఉంటుంది. గదిలో తెలియదు, పెద్ద సౌండ్ సిస్టమ్ పెడితే తెలుస్తుంది.

పిక్ పట్టినప్పుడు బొటనవేలు ఖాళీగా ఉండదు. ఆ పని అరచేతి అంచు చేయాలి, చిటికెనవేలి వైపు అంచు. బ్రిడ్జి మీద తీగలు ఆనే చోట సగం, తీగల మీద సగం పడేలా వాల్చాలి. అక్కడి నుంచి అర సెంటీమీటరు పికప్ వైపు జరిపితే స్వరం పొట్టిదై దుమ్ దుమ్‌మంటుంది. ఇంకాస్త జరిపితే స్వరమే చచ్చి తట్టిన చప్పుడు మిగులుతుంది. ఈ కొద్ది జాగాలోనే పాటకు కావలసిన నిడివి దొరుకుతుంది. సన్న తీగలు మోగకుండా ఎడమచేతి వేళ్లను కాస్త చదునుగా వాల్చి తాకించాలి. లీడ్ గిటార్ నుంచి వచ్చినవాళ్లలో కనబడే లోపం ఇక్కడిది. వాళ్లకు ఈ అరచెయ్యి పని నేర్పకుండా పిక్ లాక్కుంటే జబ్బు అలాగే ఉంటుంది.

అరచెయ్యి ఇంకా కుదరనివాళ్లు బ్రిడ్జికి ఆనించి తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చి సాధన చేయొచ్చు. మరీ గట్టిగా నొక్కితే శ్రుతి పైకి జరుగుతుంది, ట్యూనర్‌తో చూసుకోవాలి.

రెండూ ఒకే పాటలో కలిసిన సందర్భాలూ ఉన్నాయి. 1950ల చివర, 60ల్లో నాష్‌విల్ రికార్డింగుల్లో నిలబెట్టి వాయించే పెద్ద బేస్‌ను ఒకరు వేళ్లతో వాయిస్తుంటే, అవే స్వరాలను ఇంకొకరు ఆరు తీగల బేస్ మీద పిక్‌తో, అరచేత్తో నొక్కిపట్టి వాయించేవారు. లావు ఒకదాని నుంచి, తేట రెండోదాని నుంచి వచ్చేది. దాన్ని టిక్‌టాక్ బేస్ అన్నారు.

చర్చి బృందాల్లో, ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లకు ఇంకో రెండు మాటలు. కోస్తాలో వేసవి రాత్రి ఆరుబయట వేదిక మీద చెమటకు నున్నటి పిక్ నిలవదు. పైన గరుకు అచ్చున్నది ఎంచుకోవాలి, మైక్ స్టాండుకు రెండు మూడు అదనంగా అతికించుకోవాలి. చెమట తీగ చుట్లలో చేరి ధ్వని మూగబోతుంది. వేళ్లతో మీటేవాళ్ల తీగలకు ఈ దెబ్బ ముందు తగులుతుంది. వాయించడం అయ్యాక పొడిగుడ్డతో తీగ పైనా కిందా తుడవాలి. పాట మధ్యలో పిక్ నుంచి వేళ్లకు మారాలంటే ఉంగరపు వేలు, చిటికెన వేలు మడిచి పిక్‌ను అరచేతిలో దాచుకోవచ్చు. దాన్నీ మెట్రోనోమ్‌తో విడిగా సాధన చేయాలి, లేకపోతే మారేచోట లయ జారుతుంది. సౌండ్ చెక్‌లో రెండు రకాలుగానూ వాయించి వినిపించండి. వేళ్లకు సర్దిన సౌండ్‌లో పిక్ పడగానే క్లిక్ ఎగిరిపడుతుంది. సౌండ్ సిస్టమ్‌లో రెండు మూడు కిలోహెర్ట్జ్ దగ్గరి ధ్వనిని కొంచెం తగ్గిస్తే సర్దుకుంటుంది.

మీ అనుబంధంలో ఈ శీర్షిక కొనసాగుతుంటే వచ్చే భాగంలో రెండు బొమ్మలు వేయమని కోరుతున్నాను. పిక్ పట్టినప్పుడు అరచేతి అంచు బ్రిడ్జి మీద ఎక్కడ ఆనాలో ఒకటి, వేళ్లతో మీటేటప్పుడు బొటనవేలు తీగ నుంచి తీగకు ఎలా జరగాలో ఒకటి. దగ్గర్నుంచి, కుడిచేతి వైపు నుంచి తీసినవైతే ఇంట్లో ఒంటరిగా నేర్చుకునే పిల్లలకు అర్థమవుతాయి.

భవదీయుడు,
ఒక బేస్ గిటార్ శిక్షకుడు,
విశాఖపట్నం