మేడ మీద గ్రహాల ఫొటోలు

సంపాదకులకు నమస్కారం.

గ్రహాలను ఫొటో తీయడానికి చీకటి పల్లెలే వెతకనక్కరలేదు. గురుడు, శని వీధి దీపాల వెలుతురులోనూ కనిపించేంత ప్రకాశవంతమైనవి కనుక, మేడ మీద పైకప్పు పక్కకు జరిగే చిన్న రేకుల గది కట్టుకుంటే అదే వేధశాల, అంటే ఆకాశాన్ని పరిశీలించే చోటు, అవుతుంది. అసలు చిక్కు పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి వదిలే వేడితోనే. ఆ సెగకు గాలి కదలడంతో గురుడి మీది మేఘాల పట్టీలు పారే నీటి అడుగున గులకరాళ్లలా అల్లాడడం నా 8 అంగుళాల టెలిస్కోపులో ఎన్నోసార్లు చూశాను. స్లాబు చల్లబడ్డాక, 10 గంటల లోపే ఒక చుట్టు తిరిగే గురుడి బొమ్మ చెదరకుండా రెండు నిమిషాల వీడియో తీసి, వేల ఫ్రేముల్లో నిలకడైనవాటిని ఏరి కంప్యూటర్‌లో పేర్చితే, ఆ పట్టీల మెలికలు కూడా తేలుతాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల ఉన్న ఈ రాష్ట్రంలో, అపార్ట్‌మెంట్ సంఘాలు రాత్రిళ్లు మేడకు తాళం వేసి పిల్లలకు ఈ దృశ్యాన్ని దూరం చేయవద్దని, ఒక మూల కేటాయించాలని మనవి చేస్తున్నాను.

— ఒక పాఠకుడు, హైదరాబాద్