వీధి దీపాలకు పైకప్పులు బిగించాలి

సంపాదకులకు,

కార్తీక అమావాస్య రాత్రి దేవరకొండ శివారులో, మిత్రుడు ఇంట్లోనే అద్దం అరగదీసి ప్లైవుడ్ పెట్టెలో అమర్చుకున్న ఎనిమిది అంగుళాల టెలిస్కోపుతో ఆండ్రోమెడా గెలాక్సీని చూశాము. దాదాపు 25 లక్షల సంవత్సరాల క్రితం బయలుదేరిన ఆ వెలుగు, చూపును కాస్త పక్కకు మళ్లిస్తే కోలగా, తెల్లని పొగమరకలా తేటపడింది; దాని చెంతనే ఎం 32 అనే చిన్న గెలాక్సీ కూడా కనిపించింది. బడిపిల్లలు ఒక్కొక్కరే స్టూలెక్కి, కన్ను ఆనించి చూశారు. అయితే ఊరి ఎల్ఈడీ దీపాల కాంతికి ఆకాశం తెల్లబారడంతో, అంతకన్నా మసకగా ఉండే ఎం 33 అనే మరో గెలాక్సీ ఎంత వెతికినా చిక్కలేదు. దీపాలకు పైకప్పు బిగించి వెలుగును నేలవైపే మళ్లిస్తే బాటసారులకు వెలుతురు తగ్గదు, తక్కువ వాట్ల దీపమే సరిపోతుంది. కొత్త దీపాలు వేసేటప్పుడైనా పురపాలక, పంచాయతీ అధికారులు ఈ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా