కోమాలో ఉన్నవారికి గార్డియన్: జిల్లా కోర్టుకే అధికారం ఇవ్వండి

సంపాదకులకు,

తిరుపతిలో మా వీధి ఆయనొకరు బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి కోమాలో ఉన్నారు. వైద్యానికి ఆయన ఖాతాలోని డబ్బే తీద్దామని భార్య వెళ్తే, కోర్టు ఆర్డరు తెమ్మన్నారు బ్యాంకువాళ్లు. ఏ కోర్టు? అది మాత్రం చెప్పలేకపోయారు.

వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం. కోమాలో ఉన్న మనిషి తరఫున వ్యవహారాలు చూసే గార్డియన్‌ను (సంరక్షకుణ్ణి) ఎవరు నియమించాలో మన చట్టాల్లో స్పష్టంగా లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకే వర్తిస్తుంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక కమిటీ గార్డియన్‌ను నియమించవచ్చు గానీ, అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి. మానసిక రోగుల ఆస్తి వ్యవహారాల్లో 1987 చట్టం జిల్లా కోర్టుకు అధికారమిచ్చింది. 2017లో వచ్చిన కొత్త చట్టం దాన్ని తీసేసి, వైద్యం సంగతే చూసుకుంది. 2016 వికలాంగుల చట్టంలోని పరిమిత గార్డియన్ ఆ మనిషిని సంప్రదించి నిర్ణయాలు తీసుకోవాలి. కోమాలో ఉన్న మనిషిని ఏమని సంప్రదిస్తారు?

ఇక మిగిలింది రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడమే. కేరళ హైకోర్టు 2019లో ఇలాంటి కేసులకు మార్గదర్శకాలు ఇచ్చింది, సంతోషమే. కానీ మన హైకోర్టు అమరావతిలో ఉంది. ఐసీయూ ముందు కూర్చున్న ఇల్లాలు అంత దూరం వెళ్లి లాయరును పెట్టుకోవాలా?

జిల్లా కోర్టుకే ఈ అధికారమిస్తూ పార్లమెంటు చట్టం చేయాలి. ఆస్తి కోసం కాచుకున్న బంధువులూ ఉంటారు కాబట్టి వైద్య బోర్డు ధ్రువీకరణ, ఆరు నెలలకోసారి లెక్కల సమర్పణ తప్పనిసరి చేయాలి.

— ఒక పాఠకుడు, తిరుపతి