మృతుల అంకె వేసేటప్పుడు ఎవరి లెక్కో చెప్పండి

సంపాదకులకు,

యుద్ధ వార్తల శీర్షికల్లో ఒకవైపు పిల్లలు ‘బలైపోతారు’, అవతలివైపు పిల్లలు ‘మృతి’ చెందుతారు. ఎవరి కోసం ఏడవాలో ఆ మాటల్లోనే తేలిపోతుంది. అంకె కూడా అంతే. అది ఎవరిచ్చారో, అందులో సైనికులున్నారో లేదో ఉండదు.

బోస్నియాలో 1992-95 యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా పోయారని ఏళ్ల తరబడి అన్నారు. ముస్లింలతో పోరాడిన సెర్బుల్లోని జాతీయవాదులేమో ఇదంతా కట్టుకథ అన్నారు. బోస్నియా రాజధాని సరయెవోలో మిర్సాద్ తొకాచా పరిశోధన బృందం మనిషి మనిషినీ రాసుకుంటూ పోయింది: పేరు, తండ్రి పేరు, పుట్టిన ఏడాది, ఊరు, ఎక్కడ ఎలా పోయారు, సైనికుడా పౌరుడా. తేలింది 95,940 మంది. పౌరులు 38,239, వారిలో బోస్నియా ముస్లింలు 31,107, సెర్బులు 4,178. అంకె సగానికి పడిపోయిందని ముస్లింలలోనే కొందరు మండిపడ్డారు. కానీ ఎవరు ఎక్కువ నష్టపోయారన్నది పేర్లతో సహా రుజువైంది. చనిపోయిన సెర్బులూ ఆ బృందం వేసిన అదే పుస్తకంలో ఉన్నారు.

ఈ పనిలో తప్పులు దొర్లే చోట్లు తెలిసినవే. ఒకే మనిషి సొంతూరి జాబితాలో, చనిపోయిన ఊరి జాబితాలో, గల్లంతైనవారి జాబితాలో మూడుసార్లు వస్తాడు. తండ్రి పేరు లేకపోతే ఆ ముగ్గురూ ఒక్కరేనని పట్టుకోవడం కష్టం. సైనికుడి ఇంటికి పింఛను వస్తుంది గనక పౌరుణ్ని సైనికుడిగా రాయించుకున్న కుటుంబాలూ ఉన్నాయి. అప్పుడు పౌరుల సంఖ్య తగ్గి కనబడుతుంది.

బోస్నియాలోని స్రెబ్రెనిత్సా పట్టణానిది మరీ ఘోరం. 1995 జులైలో బోస్నియా సెర్బు సేనలు చంపి పూడ్చిన ముస్లింల శవాలను, నేరం బయటపడకుండా తర్వాత యంత్రాలతో తవ్వి వేరే గోతులకు తరలించారు. ఒక్క మనిషి ఎముకలే రెండు మూడు గోతుల్లో దొరికాయి. బంధువుల రక్తంతో డీఎన్‌ఏ పోల్చి చూస్తే గానీ ఎవరివో తెలియలేదు. దొరికిన నాలుగు ఎముకలను ఇప్పుడే ఖననం చేయాలా, మిగతావి దొరికేదాకా ఆగాలా అన్నది తల్లులే తేల్చుకోవాల్సి వచ్చింది. ఏటా జులై 11న ఆ పట్టణం పక్కనే ఉన్న పొతొచారి స్మారక శ్మశానంలో ఆ ఖననాలు జరుగుతాయి.

అందుకే మీ డెస్కుకు ఒక విన్నపం. అంకె పక్కన ఎవరి లెక్క, ఏ తేదీ వరకు, గల్లంతైనవారిని కలిపారా అన్నది ఒక్క వాక్యంలో రాయండి. గాజా ఆరోగ్యశాఖ ఇచ్చే మొత్తంలో పోరాడేవారు, పౌరులు విడివిడిగా ఉండరు. ఉక్రెయిన్‌పై ఐరాస మానవ హక్కుల కార్యాలయం ఇచ్చేది తాను నిర్ధారించుకున్న పౌర మరణాలే. అసలు సంఖ్య ఎక్కువే ఉంటుందని అదే చెబుతోంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. పేర్లు, వయసులు దొరికిన రోజున వాటిని వేయండి. ఏ వైపు సామాన్యులు చనిపోయినా ఒకే మాట వాడండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ