ఆదివారం ఐసు ప్రయోగం, పిల్లల్ని పంపండి

అందరికీ నమస్కారం అండీ 🙏

ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు కమ్యూనిటీ హాల్లో పిల్లల సైన్స్ క్లబ్. పెద్దలూ రావచ్చు.

పోయినసారి ఒక పాప అడిగింది: "ఆర్కిటిక్‌లో సముద్రం మీద మంచు కరిగితే మన బీచ్ మునిగిపోతుందా అంకుల్?" మనలో చాలామంది అవుననే అన్నాం. నిజానికి నీళ్లలో తేలే మంచు కరిగితే సముద్ర మట్టం దాదాపు మారదు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా లాంటి చోట్ల నేల మీదున్న మంచు కరిగి వచ్చి కలిస్తే పెరుగుతుంది. గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే సుమారు 7 మీటర్లు! (టెన్షన్ వద్దు, దానికి వందల, వేల ఏళ్లు పడుతుంది.) వేడికి నీరు ఉబ్బడం ఇంకో కారణం. 1900 నుంచి ఇప్పటికే దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది.

అలాగని తేలే మంచు పోతే నష్టం లేదనుకోకండి. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది. అది పోతే కింది నల్లటి నీళ్లు వేడిని పీల్చుకుంటాయి.

ఇంటికొకరు తేవాల్సినవి:
ఒకే సైజు గాజు గ్లాసులు 2
స్కెచ్ పెన్
గ్లాసులో పట్టే రాయి, నీళ్ల పైకి కనిపించేంతది (ఇదే మన గ్రీన్‌లాండ్!)

ఐసు నేను తెస్తాను. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు ఇంకో రెండు ట్రేలు పెట్టగలరా?

వచ్చేవాళ్లు శనివారం రాత్రి 8 లోపు ఇక్కడే పేరు పెట్టండి. గ్లాసుల మీద ఫ్లాట్ నంబర్ మర్చిపోవద్దు. పోయినసారివి మూడు ఇంకా మా వంటింట్లోనే ఉన్నాయి 😄