లైన్‌మన్ కావాలనుకునే పిల్లాడికి ఎంపీసీ ఎందుకు?

ఎడిటర్ గారికి, నమస్కారం.

పది ఫలితాలు వచ్చిన వారమంతా పేపర్ల నిండా ఎంపీసీ, బైపీసీ కబుర్లే. ఐటీఐ, వొకేషనల్ ఇంటర్ మాట వస్తే మాత్రం ‘మార్కులు తగ్గినా దిగులొద్దు’ అని అడుగున ఒక పెట్టె కట్టి వదిలేస్తారు. మార్కులు రాక చేరేవాళ్లు లేరని కాదు, ఉన్నారు. కానీ ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ సీట్లకు వచ్చేవాళ్లలో చాలామంది ఫలానా ఉద్యోగం అని ముందే మనసులో పెట్టుకుని వస్తారు. ఆ ఉద్యోగం నోటిఫికేషన్‌లో ‘అర్హత’ అన్న గడి చదువుకునే వస్తారు. వాళ్ల లెక్కలో తప్పు లేదు. ఆ గడి కింద చిన్న అక్షరాల్లో ఉన్నది ఎవరూ విప్పి చెప్పకపోవడం వల్లే దెబ్బ తింటున్నారు.

జూనియర్ లైన్‌మన్ పోస్టునే తీసుకోండి. విద్యుత్ పంపిణీ సంస్థలు అడిగేది పదో తరగతి, దానికి తోడు ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ఐటీఐ, లేకుంటే ఎలక్ట్రికల్ వొకేషనల్ ఇంటర్. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు తీసుకున్న ఎనర్జీ అసిస్టెంట్లకూ ఇదే అర్హత. మామూలు ఇంటర్‌లో ఎన్ని మార్కులున్నా ఈ గడిలో పట్టవు. అయితే రాత పరీక్షతో పాటు స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది, అందులో తప్పితే మొదటి ర్యాంకరైనా ఇంటికే. ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) లైను స్తంభం 8 మీటర్లు, 11 కేవీది 9.1 మీటర్లు. మేడ అంచున నిలబడితేనే కళ్లు తిరిగే పిల్లాడు ఈ సంగతి ఫీజు కట్టకముందే ఆలోచించుకోవాలి. ప్రాక్టీసు కోసమని ఊళ్లో కరెంటున్న స్తంభాలెక్కేవాళ్లూ ఉన్నారు, పెద్దలు గట్టిగా ఆపాలి. తీగల్లేని స్తంభం ఒకటి ఆవరణలో పాతించమని ఐటీఐనే అడగవచ్చు.

రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ ఆశతో చేరేవాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. ఈ పోస్టుకు అన్ని ట్రేడులూ చెల్లవు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్, టర్నర్, మెషినిస్ట్, వైర్‌మన్, ఏసీ మెకానిక్ లాంటివి జాబితాలో ఉన్నాయి. వెల్డర్ లేదు, కోపా (కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడు) లేదు, ప్లంబర్ లేదు. ‘ఏడాదిలో అయిపోతుంది కదా’ అని వెల్డర్‌లో చేరి, తర్వాత లోకో పైలట్ దరఖాస్తు తెరిచి చూసి నీరుగారిపోయేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. పైగా ఆ పోస్టుకు కంటి ప్రమాణం ఏ-1, అంటే అద్దాల్లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపుండాలి. కళ్లద్దాలున్నవాడు, లేసిక్ (చూపు సరిచేసే లేజర్ ఆపరేషన్) చేయించుకున్నవాడు దాని మీద ఆశ పెట్టుకోకుండా టెక్నీషియన్ పోస్టుల వైపు చూడడం మంచిది.

మరో పొరపాటు పది మార్కుల గురించి. ‘ఐటీఐకి పోయేవాడికి మార్కులెందుకు?’ అంటారు. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌లను తీసుకునేటప్పుడు రాత పరీక్ష ఉండదు. పదో తరగతి శాతం, ఐటీఐ శాతం కలిపి సగటు తీసి మెరిట్ కడతారు. పదిలో కనీసం 50 శాతం లేనివాడి దరఖాస్తే నిలవదు. లాలాగూడ, రాయనపాడు, తిరుపతి వర్క్‌షాపుల్లో సీటు దొరికేదీ జారేదీ ఆ పాత మెమో మీదే. అప్రెంటిస్‌గా చేరితే 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడికి నెలకు కనీసం 7,000 రూపాయల స్టయిపెండ్. దాన్ని జీతమనుకుని వచ్చేవాళ్లు నిరాశపడతారు. అసలు లాభం ఏడాది చివర వచ్చే ఎన్ఏసీ (జాతీయ అప్రెంటిస్‌షిప్) సర్టిఫికెట్. రైల్వేలో శిక్షణ పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కోటా కూడా ఉంది.

ప్రభుత్వోద్యోగం ఊసు లేకుండా చేరేవాళ్లూ తక్కువేం కాదు. వీళ్ల లెక్క మరీ సూటిగా ఉంటుంది. ఊళ్లో వ్యవసాయ మోటార్లు కాలుతూనే ఉంటాయి, స్టార్టర్లు మొరాయిస్తూనే ఉంటాయి. మోటారును మొదట స్టార్ కలయికలో తిప్పి, వేగమందుకున్నాక డెల్టా కలయికకు మార్చే స్టార్-డెల్టా స్టార్టర్‌ను బాగుచేయగలవాడికి నాట్ల రోజుల్లో తీరికుండదు. ఆ పని నేర్పే తీరు చూస్తే ఐటీఐ మంచిదో కాదో తేలిపోతుంది. మోటారు పెట్టెలో మూడు వైండింగ్‌లకు ఆరు కొసలు: యూ1, వీ1, డబ్ల్యూ1, యూ2, వీ2, డబ్ల్యూ2. డెల్టాలో యూ1 డబ్ల్యూ2తో, వీ1 యూ2తో, డబ్ల్యూ1 వీ2తో కలవాలి. కొత్తవాడు అంకెలు చూసి యూ1ని యూ2తో, వీ1ని వీ2తో, డబ్ల్యూ1ని డబ్ల్యూ2తో కలిపేస్తాడు. అప్పుడు మోటారు స్టార్‌లో చక్కగా ఎత్తుకుని, డెల్టాకు మారిన క్షణంలో నీరసపడి ఆగిపోతుంది. ఒక్కో వైండింగ్ రెండు కొసలూ ఒకే ఫేజు మీద పడ్డాయి మరి, వాటి మధ్య వోల్టేజి ఎక్కడిది? ఫ్యూజు ఎగరదు, పొగ రాదు. అందుకే రైతు మోటారు చెడిందనుకుని వైండింగ్ షాపుకు మోసుకుపోతాడు. చేత్తో పదిసార్లు విప్పి కలిపిన విద్యార్థి కొసలు చూడగానే పట్టేస్తాడు. గోడకు తగిలించిన బొమ్మ చూసి పాసైనవాడికి అది అందదు.

కనుక తల్లిదండ్రులు ఐటీఐకి వెళ్లినప్పుడు భవనం కాదు, వర్క్‌షాపు చూడాలి. ఎలక్ట్రీషియన్‌లో విద్యార్థి తానే స్టార్టర్ విప్పుతాడా? వెల్డర్‌లో ఒక్కొక్కరు రోజుకు ఎన్ని రాడ్లు కాలుస్తారు? ఫిట్టర్‌లో ముక్కను బిగించే వైసులు ఎన్ని, పిల్లలు ఎందరు? ఆకురాయి పట్టడం వీడియో చూస్తే రాదు. రెండు చేతుల ఒత్తిడి కుదరక ఆకురాయి ఊగితే ముక్క అంచులు అరిగి మధ్య ఉబ్బుతుంది. ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకెత్తితే చివర్ల నుంచి వెలుగు తొంగిచూస్తుంది.

2022 సిలబస్‌లో ఏడాదికి 1,200 గంటలుంటే అందులో 840 ప్రాక్టికల్‌వే. పాసు కావడానికి ప్రాక్టికల్‌లో 60 శాతం, థియరీలో 33 శాతం చాలు. ఈ అంకెలే చెబుతున్నాయి కోర్సు దేనికోసమో. ‘మీరు రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు’ అని సీటిచ్చే చోట పిల్లాడు పోగొట్టుకునేది ఆ 840 గంటలే. అనుబంధం (అఫిలియేషన్) సంగతీ అడగాలి. అది సంస్థ మొత్తానికి కాదు, ట్రేడుకు, యూనిట్‌కు విడివిడిగా ఇస్తారు. ఎలక్ట్రీషియన్ యూనిట్ అంటే 20 సీట్లు. యూనిట్లు రెండే ఉన్నచోట అరవై మందిని చేర్చుకుంటే మిగతావాళ్ల పేర్లు ఎక్కడికి పోతాయో ముందే ప్రశ్నించండి.

‘ఐటీఐ చేస్తే పై చదువు మూసుకుపోతుంది’ అన్నది పాత భయం. తెలంగాణలో రెండేళ్ల ఐటీఐ తర్వాత ఎల్పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. అక్కణ్నుంచి ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాది. రెండు, రెండు, మూడు కలిపి ఏడేళ్లు. ఇంటర్ దారిలో ఆరు. వొకేషనల్ ఇంటర్ వాళ్లు ఇంజనీరింగ్‌కు వెళ్లాలంటే బ్రిడ్జి కోర్సు అనే అదనపు పేపర్లు పాసవ్వాలి. చాలా కాలేజీల్లో దానికి క్లాసులు నామమాత్రం, ఇది మా ప్రధాన ఫిర్యాదు. వొకేషనల్ ఇంటర్‌లోనే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సైన ఎంఎల్‌టీలో చేరే అమ్మాయిలకు రెండేళ్లతో పని పూర్తికాదు. ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్, ఆపై పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉంటేనే ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకు అర్హత. మూడేళ్లని చేరేనాడే చెబితే ఇంట్లో పెళ్లి మాటలు ఆ లెక్కన వాయిదా పడతాయి.

మీ పేపరుకు ఒక విన్నపం. ఫలితాల రోజున ర్యాంకుల ఫోటోల పక్కన ఏ ట్రేడుకు ఏ పోస్టు చెల్లుతుందో ఒక పట్టిక వేయండి. దాని కింద ఈ ఒక్క వాక్యం కూడా: పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే ఐటీఐలో పేరు నమోదయ్యేలోపే ఆధార్ సరిచేయించుకోండి, సర్టిఫికెట్ వచ్చాక దిద్దుబాటుకు తిరిగేలోపు అప్రెంటిస్ దరఖాస్తు గడువు దాటిపోతుంది.

ఇట్లు,
వృత్తివిద్యా బోధకులు కొందరు,
విజయవాడ